సూర్యుడి వైపు కొస

ఆమె ఉద్యోగం వాషింగ్ మెషీన్లకూ నీటి మోటార్లకూ వాడుక పుస్తకాలు రాయడం. మనమందరం పెట్టె విప్పగానే థర్మకోల్ ముక్కలతో పాటు అవతల పారేస్తామే, ఆ పుస్తకాలే. ఎవరూ చదవరని తెలిసినా ఒక్కో వాక్యాన్నీ కంట్లో నలుసు తీసినంత జాగ్రత్తగా దిద్దేది. దారిన పోతుంటే ఏ షాపు బోర్డు మీదో తప్పు కనిపిస్తే లోపలికెళ్ళి చెప్పి మరీ వచ్చే మనిషి. ఆ షాపుల వాళ్ళు ఏమనుకునేవారో గాని, పై వాటాలో ఉండే వదిన మాత్రం ఆమెకు సవరణమ్మ అని పేరు పెట్టింది. ఇంట్లో ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆఫీసులో దిద్దింది చాలదన్నట్టు సవరణమ్మ ఇంటికొచ్చాక ఇంకో పని నెత్తికెత్తుకుంది. టెలిస్కోపులను నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్ అంటే అందరి సొత్తు. డబ్బు కట్టక్కర్లేదు, లోపలేముందో విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో, ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ళు, జీతం భత్యం లేకుండా దాన్ని నడుపుతుంటారు. కొందరు ప్రోగ్రాం రాస్తారు, కొందరు దాన్నెలా వాడాలో చెప్పే పేజీలు రాస్తారు, ఇంకొందరు ఆ పేజీలను తమ భాషల్లోకి మారుస్తారు. సవరణమ్మ ఆ పేజీల్లో తప్పులు ఏరేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అన్నయ్య ఏడిపించేవాడు.

అన్నయ్య హైస్కూల్లో సైన్సు మాస్టారు. పిల్లలకు పాఠాలు చెప్పడమే గాని, తాను ఏ వస్తువు పుస్తకమూ తెరిచిన పాపాన పోలేదు. ఒకసారి ఇంట్లో టేబుల్ ఫ్యాను సొంత తెలివితో బిగిస్తే అది గాలిని గోడకు విసిరింది. అలాంటివాడు ఈసారి బుద్ధిగా చదివాడు. కారణం గ్రహణం. మరి కొద్ది రోజుల్లో సూర్యగ్రహణం రాబోతోంది. స్కూలు ఆవరణలో తన పాత టెలిస్కోపు పెట్టి పిల్లలందరికీ చూపిస్తానని మాటిచ్చాడు. పరాయి పిల్లల కళ్ళు తన చేతుల్లో ఉన్నాయని భయపడి, చెల్లెలి సాఫ్ట్‌వేర్ వాళ్ళ పేజీని ప్రింటు తీసుకుని, పరీక్షకు వెళ్ళే పిల్లాడిలా గీతలు గీసుకుంటూ చదివాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. అన్నయ్యకు మతి కాదు, కన్నే పోయేది.

ఆ పొద్దున మేడ మీద టెలిస్కోపు నిలబెట్టాడు. సూర్యుణ్ణి చూడడానికని ప్రత్యేకంగా అమ్మే ఫిల్టర్ రేకు తెచ్చాడు. వెండిలా మెరుస్తూ, పట్టుకుంటే ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది. పేజీలో చెప్పిన చోటికి సరిపడా చిన్న గుండ్రంగా కత్తిరించి, టేపు వేసి అతికించి, గొట్టాన్ని సూర్యుడి వైపు తిప్పాడు. ఇక కన్ను ఆనించబోతుండగా, ఉతికిన బట్టలు ఆరేస్తున్న వదిన దుప్పటి రెండో కొస పట్టుకోమని పిలిచింది. సైన్సుకు ఈ ఇంట్లో విలువ లేదని గొణుక్కుంటూ వెళ్ళి పట్టుకున్నాడు. సవరణమ్మ అప్పుడే మెట్లెక్కి పైకి వచ్చింది.

ముందు వాసన వచ్చింది. ప్లాస్టిక్ మాడిన వాసన. ఎక్కడిదా అని ముగ్గురూ చుట్టూ చూస్తుండగానే గాలికి దుప్పటి ఎగిరి టెలిస్కోపు వెనక్కి వచ్చింది. కన్ను ఆనించే చోటికి సరిగ్గా ఎదురుగా దుప్పటి మీద గోధుమరంగు చుక్క పడింది. చుక్క నల్లబడింది. సన్నగా పొగ లేచింది. వదిన బకెట్లో నీళ్ళు ఎత్తి కుమ్మరించింది. తడిసిన దుప్పటిలో శనగగింజంత రంధ్రం మిగిలింది. టెలిస్కోపుకు అతికించిన రేకు కాలి ముడుచుకుపోయి ఉంది.

అక్కడ ఉండాల్సింది దుప్పటి కాదని ముగ్గురికీ ఒకేసారి తట్టింది. వదిన తడి చేతులతోనే అన్నయ్య మొహం పట్టుకుని తన వైపు తిప్పుకుని, ఒక కన్నూ తర్వాత ఇంకో కన్నూ చూసింది. ఆ తర్వాత మేడ మీదే కూలబడింది.

"నీ పేజీలో ఉన్నట్టే పెట్టానే," అన్నాడు అన్నయ్య.

సవరణమ్మ నమ్మలేదు. ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోపు అవతలి కొసకు, ఎండ గొట్టంలోకి దూరే చోట పెట్టాలి. అప్పుడు లోపలికి వచ్చేదే కాస్త వెలుతురు. కంటి దగ్గర పెడితే, అప్పటికే పెద్ద లెన్స్ ఎండనంతా పోగుచేసి ఒక్క చుక్కకు తెస్తుంది, దాన్ని ఏ రేకూ ఆపలేదు. ఆకాశం చూసే వాళ్ళకు ఇది ఓనమాలతో సమానం. కాగితం లాక్కుని చూసింది. సూర్యుణ్ణి చూసే ముందు మొదటి లెన్స్‌కు ఫిల్టర్ తప్పక బిగించాలి, అని ఉంది. దాని కింద బొమ్మ. బొమ్మలో లెన్సులకు అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి అనే అంకె కంటి వైపు ఉంది.

కిందికి దిగి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఏ పేజీలో ఏ ముక్క ఎవరు ఎప్పుడు రాశారో మొదటినుంచీ అంతా దాచి ఉంచుతారు. సవరణమ్మ ఆ పేజీని పొర తర్వాత పొర విప్పుతూ వెనక్కి పోయింది. వాక్యం రాసింది ఈ సాఫ్ట్‌వేర్‌కు పునాది వేసిన ముసలాయన. అందరూ పెద్దాయన అంటారు. ఆయన వెలుతురు వచ్చే దారిని తలచుకుని రాశాడు. సూర్యుడి నుంచి వచ్చే వెలుతురు ముందుగా తాకేది అవతలి లెన్స్‌నే, కాబట్టి అదే మొదటిది. బొమ్మ గీసింది ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన ఒక ప్రోగ్రాం రాసే అమ్మాయి. ప్రోగ్రాం వాళ్ళు టెలిస్కోపుకు కన్ను ఆనించరు, కెమెరా తగిలిస్తారు. వాళ్ళకు బొమ్మ వచ్చేది కెమెరా నుంచి, అందుకని లెక్క అక్కడ మొదలుపెడతారు. ఇద్దరూ తప్పు రాయలేదు. ఇద్దరి రాతా ఒక పేజీలో పడ్డ రోజున అది మనిషి కన్ను తీసే పేజీ అయింది.

మధ్యలో ఇంకెవరో తప్పక అన్న మాట చేర్చారు, ఇంకెవరో వాక్యం చివరి చుక్క సరిచేశారు, వేలమంది చదివి వెళ్ళారు. అంత చిన్న వాక్యం వెనక అంతమంది ఉన్నారని చూసేసరికి సవరణమ్మకు ఒళ్ళు జలదరించింది. ఎవరూ చదవని పుస్తకాలు రాస్తున్నానని ఇన్నాళ్ళూ లోలోపల ఒక వెలితి ఉండేది. ఒకడు చదివాడు. చదివి, నమ్మి, కన్ను ఆనించబోయాడు.

మొదటి లెన్స్ అన్న మాట ఎక్కడుంటే అక్కడ తీసేసి, సూర్యుడి వైపు లెన్స్ అని దిద్దింది. బొమ్మలో అంకెలు చెరిపేసింది. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక నియమం ఉంది. ఒక పేరు మారిస్తే అది నలభై భాషల్లో మారాలి, కాబట్టి ఎవరికి అభ్యంతరం ఉన్నా చెప్పుకోడానికి ఏ సవరణనైనా వారం రోజులు ఆపి ఉంచాలి. మంచి నియమమే. కాని గ్రహణం వారం ఆగదు. నియమాన్ని పక్కన పెట్టగలిగింది పెద్దాయన ఒక్కడే, ఆయన ఏనాడూ పెట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం.

వీడియోలో ఆయనకు ఫోన్ చేసింది. పెద్దాయన చివరిదాకా విన్నాడు. తొందరపడి మార్చిన మాటల వల్ల ఇంతకుముందు ఎన్నెన్ని చిక్కులొచ్చాయో ఓపికగా వివరించాడు. వారం ఆగితే కొంపలేం మునగవన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేదు. లేచి వెళ్ళి ఇంకా తడి ఆరని దుప్పటి తెచ్చి కెమెరాకు అడ్డంగా పట్టుకుంది. రంధ్రంలోంచి ఒక కన్నుతో ఆయన్ని చూసింది.

అవతల ఆయన తెరకు దగ్గరగా వంగాడు.

"ఎవరి కన్నమ్మా అది?" అన్నాడు పెద్దాయన.

"మా అన్నయ్యదండీ. ఉంది ఇంకా. దుప్పటి మా వదినది."

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి రెండు అరచేతులతో మొహం కప్పుకున్నాడు. "ఆ వాక్యం నాదే," అన్నాడు. "దిద్దెయ్యమ్మా. నియమం సంగతి నేను చూసుకుంటా."

ఆ మధ్యాహ్నం సవరణమ్మ చూసింది ఏ పుస్తకంలోనూ చదవనిది. మాట మార్చమని కబురు పెట్టిందో లేదో, ఒక్కో భాషా కదలడం మొదలుపెట్టింది. ఎక్కడో తెల్లారుతోంది, ఎక్కడో పొద్దుగూకుతోంది. ఒకతను బేకరీలో రొట్టెలు పొయ్యిలో పెట్టి, అవి కాలేలోగా తన భాషలో మార్చి వెళ్ళాడు. ఒకామె బిడ్డను ఎత్తుకుని ఒంటి చేత్తో టైపు చేస్తున్నానని, తప్పులుంటే సర్దుకొమ్మని రాసింది. తెలియని లిపులు, కుడినుంచి ఎడమకు నడిచేవి, నిలువునా దిగేవి, అన్నిటిలోనూ ఒకటే మాట వచ్చి కూర్చుంటోంది. సూర్యుడి వైపు. సూర్యుడి వైపు. భూమి మీద సూర్యుడికి పేరు లేని భాష లేదు కదా అనిపించి కళ్ళు చెమర్చాయి. వదిన కాఫీ తెచ్చి పక్కన పెట్టి, ఏడుస్తున్నావా దిద్దుతున్నావా అని అడిగింది. రెండూ అంది.

అంతా అయిందని ఊపిరి పీల్చుకునేలోగా ఒక సందేశం వచ్చింది. రాసింది ఒక నర్సు. ఆస్పత్రిలో ఉద్యోగం, తీరిక వేళల్లో పేజీలు తన భాషలోకి మార్చడం ఆమె పని. కొంతకాలం కిందట ఒక టీచరమ్మ ఆమెకు కృతజ్ఞతలు చెబుతూ రాసిందట. నడిసముద్రంలో ఒక చిన్న దీవిలో బడి, అక్కడ గ్రహణం పూర్తిగా పడుతుంది. ఎవరో ఇచ్చిన టెలిస్కోపుంది, ఒకే ఒక్క ఫిల్టర్ రేకు కొన్నాను, మీ పేజీ ప్రింటు తీసుకుని వెళ్తున్నాను, పిల్లలకు చూపిస్తాను అని. ఆ దీవిలో నెట్టు లేదు, ఫోన్లు పలకవు. ఆవిడ దగ్గరున్నది పాత పేజీ.

తెర మీది మాటను నలభై భాషల్లో మార్చొచ్చు. కాగితం మీద అచ్చై సముద్రం దాటిపోయిన మాటను ఎలా మార్చాలి?

నర్సే దారి వెతికింది. ఆమె మేనమామ రేవులో పనివాడు. ఆయనకు రేడియోలో పడవలతో మాట్లాడే ఆపరేటరు తెలుసు. ఆ ఆపరేటరుకు దీవి వైపు పోయే చేపల పడవ నడిపే సరంగు తెలుసు. ఆ సరంగు దీవిలో ఒక కొట్టు ముందు సరుకు దింపుతాడు, కొట్టామె రోజూ టీచరమ్మను చూస్తుంది. ఇందులో సగం మందికి ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. నాకు ఒక్క వాక్యం ఇవ్వండి, అని రాసింది నర్సు. ఇంతమంది నోళ్ళలో నానినా విరగని వాక్యం ఇవ్వండి.

అన్నాళ్ళ ఉద్యోగంలో సవరణమ్మకు అంత చిన్న పనీ అంత పెద్ద పనీ తగల్లేదు. వంటింట్లో నేల మీద టెలిస్కోపు పడుకోబెట్టి, వదిన చేతికి ఒక స్టీలు మూత ఇచ్చి, వాక్యం చదివితే అది ఎక్కడ పెట్టాలో పెట్టమంది. ముందు కొసకు, అంటే వదిన తన ముందున్న కొసకు పెట్టింది. బయటి కొసకు, అంటే రెండూ బయటే కదా అంది. పెద్ద లెన్స్‌కు, అంటే కొలబద్ద ఏదని అడిగింది. అన్నయ్య మధ్యలో వెలుతురు ప్రయాణం గురించి చెప్పబోతే, మీరు నోరు మూసుకుంటే బాగుంటుందని ఇద్దరూ అన్నారు. ఒక్కో వాక్యమూ చచ్చిపోతోంది. ప్రతిసారీ వదిన నవ్వుతూ మూత పెట్టిన చోట, ఎవరో తెలియని ఒక మనిషి కన్ను సవరణమ్మకు కనిపించింది.

చివరికి వదినే విసుక్కుంది. "సూర్యుడు ఎటున్నాడో నాకు తెలుసు. నా కన్ను ఎటుందో నాకు తెలుసు. ఈ రెండూ వదిలేసి మిగతావన్నీ ఎందుకు చెప్తావే?"

సవరణమ్మ అంతకుముందు రాసినదంతా కొట్టేసింది. అప్పుడు రాసింది. రేకును సూర్యుడి వైపు కొసకు కట్టండి. కంటి వైపు కడితే కన్ను పోతుంది. మళ్ళీ చదివి చూసింది. దిద్దడానికి ఏమీ లేదు. పంపేసింది.

వాక్యం బయల్దేరింది. నర్సు మేనమామకు చెప్పింది. మేనమామ ఆపరేటరుకు చెప్పి, తిరిగి తనకే చెప్పించుకున్నాడు. ఆపరేటరు పడవకు చెప్పాడు. సరంగు సరే అన్నాడు, ఆ పైన పడవ రేడియో అందని దూరం పోయింది. ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు. ఎవరూ చదవరనుకున్న తన మాట, ఎవరో చేపలవాడి నోట్లో సముద్రం మీద పోతోందని తలచుకుంటే సవరణమ్మకు అన్నం సయించలేదు. భయమూ అబ్బురమూ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేకపోయింది.

గ్రహణం రోజు రానే వచ్చింది. అన్నయ్య కొత్త రేకు కొని, ఈసారి పళ్ళెమంత కత్తిరించి, అవతలి కొసకు చుట్టూ టేపు వేసి, వదిన చేత లాగించి మరీ చూశాడు. స్కూలు ఆవరణలో పిల్లలు బారులు తీరారు. వదిన లైను కాపలా కాస్తూ, తోసుకునే వాళ్ళ చెవులు పట్టుకుని వెనక్కి పంపుతోంది. చూసి వచ్చిన పిల్లలు గోల చేస్తారనుకుంటే, ఒక్కొక్కరూ నోరు తెరుచుకుని నిశ్శబ్దంగా వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ఎండ పలచబడింది. పక్షులు గందరగోళపడి గూళ్ళకు మళ్ళాయి. మనుషుల నీడల అంచులు కత్తితో కోసినట్టు పదునెక్కాయి.

సవరణమ్మ తన వంతుకు కన్ను ఆనించింది. నల్లని శూన్యంలో నారింజరంగు సూర్యుడు, సన్నని వంక మాత్రం మిగిల్చి ఎవరో నిదానంగా మింగేసిన సూర్యుడు. దాని మీద చంద్రుడి అంచు కదులుతోంది. అంత దూరాన అంత పెద్దవి, ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరి లెక్కా తప్పకుండా కదులుతున్నాయి. మనుషులు మాత్రం ఏ లెన్స్‌ను మొదటిదనాలో తెలియక కొట్టుకుంటున్నారు. నవ్వు రాబోయింది. అంతలో దీవి గుర్తొచ్చింది. ఆ నీడ ఇక్కడికి రాకముందే అక్కడ పడి ఉంటుంది. అయిందేదో అక్కడ ఇప్పటికే అయిపోయి ఉంటుంది. కన్ను తీసి పక్కకు జరిగింది, వెనక నిలబడ్డ పాప ఆత్రంగా ముందుకొచ్చింది.

ఆ రోజంతా కబురు లేదు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది. నర్సు రాసింది. పడవ తిరిగొచ్చింది, సరంగు చెప్పగా ఆపరేటరు, ఆపరేటరు చెప్పగా మేనమామ, ఆయన చెప్పగా తాను రాస్తున్నానని. సవరణమ్మ మెట్ల మీదే కూర్చుని చదవడం మొదలుపెట్టింది, కొంత చదివాక, వదినతో పాటు పై నుంచి దిగి వచ్చిన అన్నయ్య చేతికి ఫోన్ ఇచ్చేసింది. మిగతాది అన్నయ్య పైకి చదివాడు.

సరంగు కొట్టామెకు చెప్పి ఊరుకోక తానే బడికి నడిచి వెళ్ళాడట. టీచరమ్మ బల్ల మీద రేకు పరిచి ఉంది. దాని నడిమధ్యన పెన్నుతో చిన్న గుండ్రం గీసి ఉంది, కంటి కొసకు సరిపోయేంత. కత్తెర పక్కనే ఉంది. సరంగు చెప్పింది విని ఆవిడ కత్తెర సొరుగులో పెట్టేసి, రేకును పూర్తిగా అవతలి కొసకు చుట్టేసిందట. పిల్లలందరూ చూశారు. ఆ తర్వాత వాళ్ళ అమ్మలూ నాన్నలూ చూశారు. గ్రహణం విడిచిపోయి చాలాసేపయినా లైను తరగలేదు, సాయంత్రం దాకా అందరూ ఉత్త సూర్యుణ్ణే చూస్తూ ఉన్నారు. టీచరమ్మ ఒక్క మాట చెప్పమందట. ఎప్పుడూ ముందు తానే చూస్తుంది, తనకేమీ కాలేదంటేనే పిల్లలను చూడనిస్తుంది. ఇప్పుడు వాళ్ళ టెలిస్కోపు అవతలి కొసన, రేకు మధ్యలో, ఆ గుండ్రం అలాగే ఉందట.

అన్నయ్య ఫోన్ పక్కన పెట్టి తన కళ్ళు తానే రుద్దుకున్నాడు. ముగ్గురూ ఆ గుండ్రాన్నే చూస్తున్నట్టు కూర్చున్నారు. శనగగింజంత రంధ్రం పడ్డ దుప్పటిని ఆ పొద్దునే మళ్ళీ ఉతికి ఆరేసింది వదిన, పారేయమన్నా వినలేదు.

"నేనింకా చూడలేదు," అంది వదిన ఉన్నట్టుండి. ఆ రోజు పిల్లల చెవులు పట్టుకోవడంతోనే సరిపోయిందట. గ్రహణం వెళ్ళిపోయింది, ఇక ఏం చూస్తావని అన్నయ్య అనబోయి మానేశాడు. గొట్టాన్ని భుజాన వేసుకుని మేడెక్కాడు. పొద్దు వాలుతోంది. రేకు కట్టిన కొసను సూర్యుడి వైపు తిప్పి పక్కకు తప్పుకున్నాడు. వదిన కొంగుతో మొహం తుడుచుకుని వంగి కన్ను ఆనించింది.

ఏదో ఒక వంకర మాట వస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. రాలేదు. "ఇంత గుండ్రంగా ఉంటాడా," అని మాత్రం చాలాసేపటికి మెల్లగా అంది. కన్ను తీయలేదు. సవరణమ్మ ఆమె వెనకే తన వంతు కోసం నిలబడింది.